తొలి టోర్నీకి వేళయిందా?

ఎమ్మిగనూరు (బళ్ళారి జిల్లా):

పావులు కదపడం వచ్చింది. నెల తిరక్కుండానే నాన్నను ఓడించాడు. సెలవులకొచ్చిన మామయ్యనూ ఓడించాడు. వీధిలో వాడితో బోర్డు ముందు కూర్చోవడానికి ఇక ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ఒక్కటే... ‘వీణ్ణి పోటీకి పంపుదామా?’

‘ఇంకో ఏడాది ఆగుదాం, ఓడిపోతే బెంగ పెట్టుకుంటాడు’ అంటుంది అమ్మ. ‘ఆలస్యమైతే వెనకబడతాడు’ అంటాడు నాన్న. ‘ముందు చదువు చూడండయ్యా’ అని తాతయ్య మాట. ముగ్గురూ చెప్పేదాంట్లో కొంత నిజముంది. కానీ ముగ్గురూ చూస్తున్నది వయసునూ, ఫలితాన్నీ! చూడాల్సింది వేరే ఉంది.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్నకు వేడి పెరిగింది. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఈ కుర్రాడికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో రెండు విభాగాల్లోనూ స్వర్ణం తెచ్చిన భారత జట్లలో అతనితో పాటు గుంటూరు హరికృష్ణ, వరంగల్ అర్జున్, గుంటూరుకే చెందిన హారిక ఉన్నారు. తుంగభద్ర నీళ్ళొచ్చాక కోస్తా నుంచి వచ్చి కంప్లి, సిరుగుప్ప, గంగావతి వైపు వరిమళ్ళ మధ్య క్యాంపులు కట్టుకున్న కుటుంబాలకు ఆ ఊర్ల పేర్లు అమ్మమ్మగారి ఊరి పేర్లే. ‘మనవాళ్ళే కదా, మనవాడికేం తక్కువ’ అనుకోవడం సహజం.

వయసు లెక్క తేలదు

ఏ వయసులో మొదలుపెట్టాలని పెద్ద ఆటగాళ్ళ చరిత్ర తిరగేస్తే ఒక్క జవాబు దొరకదు.

గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి ఆరేళ్ళప్పుడు, తండ్రి అశోక్ ఆడుతుంటే పక్కన నిలబడి ఎత్తులు చెప్పింది. ఆయనకు అప్పుడే కూతురి తెలివి తెలిసొచ్చింది. పదేళ్ళకు, 1997లో, అండర్-10 బాలికల ప్రపంచ టైటిల్ గెలిచింది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. (ఆమె పేరుకూ, మన పక్కనున్న హంపికీ సంబంధం లేదు. ‘చాంపియన్’ అనే మాటలోంచి తండ్రి తీసిన పేరది!)

గుకేశ్ పావులు పట్టింది 2013లో, ఏడేళ్ళకు. బడి అయ్యాక వారానికి మూడు రోజులు, రోజుకో గంట. అంతే. 2019 జనవరిలో పన్నెండేళ్ళ ఏడు నెలలకు గ్రాండ్‌మాస్టర్. హరికృష్ణకు ఆ హోదా 2001లో పదిహేనో ఏట దక్కింది. అర్జున్ ఎరిగైసికి 2018లో పద్నాలుగో ఏట, హారికకు 2011లో ఇరవయ్యో ఏట.

మరి మైసూరు ఎం.ఎస్.తేజ్‌కుమార్? రైల్వే ఉద్యోగం చేసుకుంటూనే టోర్నీలు ఆడి, 2017లో ముప్పై ఆరేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. కర్ణాటకకు ఆయనే తొలి గ్రాండ్‌మాస్టర్, దేశానికి యాభయ్యో వారు.

ఒకటే హోదా. అందుకున్న వయసులు పన్నెండు నుంచి ముప్పై ఆరు దాకా! మరో పక్క 2024లో కోల్‌కతాకు చెందిన ఒక బాబు నాలుగేళ్ళు నిండకుండానే అంతర్జాతీయ రేటింగ్ తెచ్చుకున్నాడు. ఆ వార్త చూసి ‘మావాడికి ఆరేళ్ళొచ్చాయి, ఇప్పటికే ఆలస్యమైపోయింది’ అని కంగారుపడే తల్లిదండ్రులు లేకపోలేదు. మూడేళ్ళకు రేటింగ్ రావడం వింత. వింతను చూసి ముక్కున వేలేసుకోవచ్చు గానీ, దాన్ని కొలబద్దగా పెట్టుకోకూడదు.

‘బాగా వచ్చాక పంపుదాం’ అంటే...

ఇది ఎక్కువ ఇళ్ళల్లో జరిగే పొరపాటు. బాగా నేర్చుకున్నాక పోటీకి పంపాలనుకుంటారు. కానీ చదరంగంలో ‘బాగా రావడం’ అనేది పోటీల్లోనే జరుగుతుంది. ఈత పూర్తిగా వచ్చాకే బావిలోకి దిగుతానంటే కుదురుతుందా? నడుముకు బెండు కట్టుకునైనా దిగాల్సిందే.

ఇంట్లో ఆటలో ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు. మధ్యలో లేచి నీళ్ళు తాగి రావచ్చు. ఎదుటివాడు నాన్నే కాబట్టి ఒక్కోసారి కావాలనే ఓడిపోతాడు. ఫోనులో ఆటైతే ఓడిన మరుక్షణం ఇంకోటి మొదలుపెట్టొచ్చు. టోర్నీలో ఇవేవీ ఉండవు. ముక్కూ మొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుంటాడు. పక్కన గడియారం నడుస్తుంటుంది. చేసిన తప్పు అక్కడే బోర్డు మీద కనిపిస్తూ ఉంటుంది. దానితోనే ఇంకో గంట కూర్చోవాలి. ఆ గంట నేర్పే పాఠం ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

అలాగని నిన్న పావులు పట్టిన పిల్లను ఇవాళ బస్సెక్కించడమూ తప్పే. ఒకటికి రెండుసార్లు నియమం తెలియక ఓడితే, ఓడింది ఆటలో కాదు, ఆట మీద ఇష్టంలో. అందుకే ఈ రెంటికీ మధ్య ఒక గీత కావాలి.

ఈ ఐదూ వస్తే చాలు

* పావులన్నీ తనంతట తానే సరిగ్గా పేర్చగలగాలి. రాజును కోటలోకి పంపడం (కాస్లింగ్), బంటు చివరి గడికి చేరితే ఏం చేయాలి, పక్కనుంచి దూసుకుపోయిన బంటును ఎప్పుడు కొట్టొచ్చు (ఎన్‌పాసాంట్)... ఇవి తడుముకోకుండా తెలియాలి.

* గెలిచే ఆటను గెలిపించుకోవడం రావాలి. రాజు, మంత్రి కలిసి ఒంటరి రాజును కట్టేయడం, రాజు, ఏనుగు కలిసి కట్టేయడం ఇంట్లో పదిసార్లు చేసి చూపగలగాలి.

* ఎత్తులు రాయడం రావాలి. ‘ఇ4’, ‘ఎఫ్3’ అని గడుల పేర్లతో ప్రతి ఎత్తూ కాగితం మీద పెట్టాలి. నిదానంగా సాగే క్లాసికల్ ఆటల్లో ఇది తప్పనిసరి.

* కదల్చిన చేత్తోనే గడియారం నొక్కే అలవాటు కావాలి. చాలామంది పిల్లలు మొదటి పోటీలో గడియారం నొక్కడం మర్చిపోయి తమ సమయమే కరగబెట్టుకుంటారు.

* ఓడాక ఎదుటివారికి చెయ్యి కలిపి, తర్వాతి రౌండుకు కూర్చోగలగాలి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఫర్వాలేదు. తుడుచుకుని మళ్ళీ కూర్చుంటే చాలు.

ఈ జాబితాలో ‘నాన్నను ఓడించాలి’ అన్నది లేదు. ‘వయసు ఇంత ఉండాలి’ అన్నదీ లేదు. ఐదో గుర్తు మాత్రం ఉండి తీరాలి. మిగతా నాలుగూ నెల రోజుల్లో నేర్పొచ్చు, ఐదోది పిల్లల్లో రావాలి.

ఇంటి ఆట వేరు, హాలు ఆట వేరు

పులిమేక, బారకట్ట ఆడిన అరుగుల మీదే మన ఊళ్ళల్లో చదరంగమూ పెరిగింది. దాంతో ఊరికో నియమం తయారైంది. మొదటి ఎత్తులో రెండు బంట్లు కలిపి జరపడం, ‘చెక్’ అని చెప్పకుండా మంత్రిని కొట్టావని గొడవకు దిగడం, ఎదుటి రాజుకు కదలడానికి చోటు లేకపోతే గెలిచానని లేవడం... ఇవేవీ పోటీ హాల్లో చెల్లవు. చెక్ అని పైకి చెప్పాల్సిన పనే లేదు. రాజుకు చెక్ లేకుండా కదలడానికి ఏ ఎత్తూ లేకపోతే అది గెలుపు కాదు, డ్రా. గెలిచే ఆటలు ఎన్నో ఈ ఒక్క నియమం తెలియక చేజారుతుంటాయి.

నియమాలు వేరన్నంత మాత్రాన భయపడాల్సింది లేదు. పంజాబ్‌కు చెందిన సుల్తాన్ ఖాన్ మొదట నేర్చింది దేశవాళీ చదరంగమే. అంతర్జాతీయ నియమాలు పెద్దయ్యాక నేర్చుకున్నారు. అయినా 1929లో ఇంగ్లండు వెళ్ళి బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచారు. 1932, 1933ల్లో మళ్ళీ గెలిచారు. ప్రపంచ చదరంగ సమాఖ్య (ఫిడే) 2024లో ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది.

పోటీ హాల్లో మొదటి సూత్రం... పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. ఎదుటి పావును ముట్టుకుంటే, వీలుంటే దాన్ని కొట్టాలి. చెల్లని ఎత్తు వేసి గడియారం నొక్కితే మొదటిసారి ఎదుటివారికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారికి ఆట పోయినట్టే. జేబులో ఫోను మోగితే అంతే సంగతులు. అనుమానం వస్తే గడియారం ఆపి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలవాలి. ‘అంకుల్, ఆ అబ్బాయి ముట్టుకున్న పావు కదపట్లేదు’ అని ధైర్యంగా చెప్పగలగాలి. బిడియపడే పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే. అడిగితే తప్పు కాదని, ఆర్బిటర్ ఉన్నదే అందుకని చెప్పాలి. ఇక్కడి బళ్ళల్లో చదివే తెలుగు పిల్లలకు కన్నడం ఎలాగూ వస్తుంది. నాలుగు ఇంగ్లిషు ముక్కలు తోడైతే ఎక్కడికి వెళ్ళినా నెగ్గుకొస్తారు.

ఓడితే ఇంటికి పంపరు

కబడ్డీ, వాలీబాల్ చూసిన అలవాటుతో ‘మొదటి ఆట ఓడితే బస్సు చార్జీలు దండగే కదా’ అనుకుంటారు చాలామంది. చదరంగం టోర్నీలు ఎక్కువగా స్విస్ పద్ధతిలో సాగుతాయి. ఓడినవారు బయటికి పోరు. ఒక్కో రౌండు అయ్యాక దాదాపు సమానంగా పాయింట్లున్న వారినే జత కడతారు. రెండు ఆటలు ఓడిన పిల్లకు మూడో రౌండులో ఎదురయ్యేది తనలాగే తడబడుతున్న మరో పిల్లే. అందుకే తొమ్మిది రౌండ్లుంటే తొమ్మిదీ ఆడొచ్చు, సాయంత్రానికి ఒకటో రెండో గెలుపులు చేతికొస్తాయి. మొదటి పోటీకి ఆ మాత్రం చాలు.

రేటింగ్ చెడిపోతుందా?

ఇది పెద్ద భయం. ‘ఇప్పుడే పంపితే తక్కువ రేటింగ్ పడుతుంది, ఆగి పంపుదాం’ అంటారు. లెక్క తెలిస్తే ఈ భయం పోతుంది.

రేటింగ్ లేని పిల్ల పోగొట్టుకోవడానికి అసలేమీ లేదు. రేటింగ్ ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడాకే తొలి అంకె వస్తుంది. 2024 మార్చి నుంచి ఫిడే కనిష్ఠ రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. ఆటతీరు అంతకంటే తక్కువుంటే అంకె పడదు, అంతే. పిల్లల అంకె త్వరగా పెరిగేలా కూడా నియమం ఉంది. పద్దెనిమిదేళ్ళు వచ్చే ఏడాది ముగిసేదాకా, రేటింగ్ 2300 లోపున్నంత కాలం, ఒక్కో ఆటకు మారే పాయింట్లు మామూలు ఆటగాళ్ళకంటే రెట్టింపు. ఇవాళ పడ్డ అంకె పచ్చబొట్టు కాదు, నెలనెలా మారిపోతుంటుంది.

అయినా మొదటి పోటీకే రేటింగ్ టోర్నీ అక్కర్లేదు. మెట్ల వరస ఇలా ఉంటే మంచిది. ముందు బడిలో, వీధిలో గడియారం పెట్టుకుని ఆటలు. తర్వాత దగ్గర్లో జరిగే ఒక్క రోజు ర్యాపిడ్ పోటీ. ఒకటో రెండో ఆడి ‘మళ్ళీ ఎప్పుడు?’ అని పిల్లలే అడిగితే రేటింగ్ టోర్నీ. ఆ ప్రశ్న రాకపోతే కొన్నాళ్ళు ఆగినా నష్టం లేదు.

ఏ రాష్ట్రం తరఫున?

సరిహద్దు కుటుంబాలకు ఇదో ప్రత్యేకమైన చిక్కు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. బంధుత్వాలు మాత్రం గీతకు అటూ ఇటూ అలాగే ఉన్నాయి. ఆఖరికి ఊరి పేర్లు కూడా! కంప్లి తాలూకాలో ఒక ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లాలో మరో ఎమ్మిగనూరు. ఏదైనా పోటీ ప్రకటనలో ఈ పేరు కనిపిస్తే ముందు జిల్లా చూసుకోవాలి.

అఖిల భారత చదరంగ సమాఖ్య గుర్తింపు ఉన్న పోటీలకు ఆటగాళ్ళు ముందుగా నమోదు చేసుకోవాలి. అక్కడ రాష్ట్రం పేరు ఇవ్వాలి. ఒక ఆటగాడు ఒకే రాష్ట్రం తరఫున ఆడతాడు. ఇక్కడే ఉండి ఇక్కడే చదివే పిల్లలకు కర్ణాటకే సహజమైన దారి. జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టు ఎంపికలు ఆ దారిలోనే జరుగుతాయి. ఓపెన్ టోర్నీలకు ఆ గీత అడ్డురాదు. కర్నూలు, అనంతపురంలో ఓపెన్ పెడితే బళ్ళారి పిల్లలు వెళ్ళొచ్చు, బెంగళూరులో పెడితే ఆదోని పిల్లలు రావొచ్చు. నిజానికి సరిహద్దులో ఉండటం ఇక్కడ లాభమే. రెండు రాష్ట్రాల పోటీలూ బస్సు దూరంలో ఉంటాయి.

ఇంకో మాట. అండర్-7, 9, 11, 13 అంటూ సాగే వయసు విభాగాలను జనవరి 1ని బట్టి లెక్కిస్తారు. ఆధార్‌లో ఒక తేదీ, బడిలో ఒక తేదీ ఉన్న ఇళ్ళు మన పల్లెల్లో కొత్త కాదు. నమోదుకు ముందే జనన ధ్రువపత్రం సరిచేసుకుంటే తర్వాత పరుగులు తప్పుతాయి.

బడి, బస్సు, జేబు

నగరం పిల్లవాడు పొద్దున ఆడి రాత్రికి ఇల్లు చేరతాడు. ఎమ్మిగనూరు పిల్లకు బెంగళూరులో పోటీ అంటే ముందు బళ్ళారి చేరాలి, రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలి. తోడు ఒకరు వెళ్ళాలి, ఉండటానికి గది, తిండి, ఎంట్రీ ఫీజు... రేటింగ్ టోర్నీలు మూడు నాలుగు రోజులు సాగడం మామూలే. నాట్లో కోతలో నడుస్తుంటే ఆ తోడు దొరకడమే కష్టం. ఖర్చు చూసి వెనకాడటం పిసినారితనం కాదు. కాబట్టి ఏడాదికి ఎన్ని పోటీలన్నది ముందే అనుకోవడం మేలు. దసరా సెలవుల్లో ఒకటి, వేసవిలో రెండు... ఈ మాత్రంతో మొదలుపెడితే చదువుకు దెబ్బ తగలదు, జేబుకు చిల్లు పడదు. బడి క్రీడల్లో చెస్ ఉంటే అంతకంటే చవకైన తొలి మెట్టు మరోటి లేదు. పీఈటీ మాస్టారిని ఒక్కమాట అడిగితే సరి.

ఎస్సెస్సెల్సీ ఏడాది సంగతి వేరు. ఆ ఏడు కొత్తగా టోర్నీలు మొదలుపెట్టడం పిల్లల మీద రెండు బరువులు మోపడమే. తాతయ్య మాటలో నిజం ఉన్నది ఇక్కడే.

హంపి తండ్రి అశోక్ కెమిస్ట్రీ అధ్యాపక ఉద్యోగం వదిలి కూతురికి కోచ్ అయ్యారు. గుకేశ్ తండ్రి, చెవి-ముక్కు-గొంతు వైద్యుడు రజినీకాంత్, కొడుకు వెంట తిరగడానికి కొంతకాలం ప్రాక్టీసు పక్కన పెట్టారు. ఈ కథలు మనకు తెలిసింది వాళ్ళు గెలిచారు కాబట్టి. ఉద్యోగాలు వదిలిన తండ్రులందరి కథలూ పేపర్లో రావు. తొలి టోర్నీకి ముందే అంత పెద్ద పందెం కాయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అమ్మానాన్నలకే అసలు పరీక్ష

పోటీ హాలు తలుపు దగ్గర తల్లిదండ్రుల్ని ఆపేస్తారు. లోపల పిల్ల ఒక్కతే. బయటికి రాగానే మొదటి ప్రశ్న ఏమిటన్నది చాలా ముఖ్యం. ‘గెలిచావా?’ అని అడిగితే, ఓడిన పిల్ల మరుసటి రౌండుకు భయంతో వెళ్తుంది. ‘ఆకలేస్తోందా?’ అని అడిగితే తేలికపడుతుంది. ఆట ఎలా సాగిందన్నది ఇంటికొచ్చాక, రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని చూడొచ్చు. ఎక్కడ దారి తప్పిందో పిల్లనే వెతకమనాలి. ఆ కాగితాల కట్ట ఏడాది తిరిగాక చూస్తే, రేటింగ్ అంకె చూపని ఎదుగుదల అందులో కనిపిస్తుంది.

‘పక్కింటివాడు కప్పు తెచ్చాడు’ అన్న మాట మాత్రం ఇంట్లోకి రానివ్వకూడదు. పోటీ పిల్లలదా, పెద్దలదా అన్నది ఆ మాటతోనే తేలిపోతుంది. పిల్లలకు ఆడాలని ఉండి పెద్దలు ఆపుతుంటే, పంపే వేళయినట్టే. పెద్దలకు ఆడించాలని ఉండి పిల్లలు వెనక్కి లాగుతుంటే, ఇంకా వేళ కానట్టే.

ఆగినా తలుపు మూసుకోదు

మధ్యలో ఆపాల్సి వస్తే? ఆడపిల్లల ఇళ్ళల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. హంపి 2017లో తల్లి అయ్యారు. ఆ సమయంలో రెండేళ్ళ పాటు ఆటకు దూరంగా ఉన్నారు. తిరిగొచ్చి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. 2024లో మళ్ళీ గెలిచారు. హారిక 2022 మహాబలిపురం ఒలింపియాడ్‌ను తొమ్మిదో నెల గర్భంతో ఆడి, జట్టుతో పాటు కాంస్యం అందుకున్నారు.

అందుకే ఈ వేసవికి పంపలేకపోతే దసరాకు పంపొచ్చు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు. ముప్పై దాటిన నాన్నకు కూడా ఓపెన్ టోర్నీలో కుర్చీ ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో తండ్రీకూతుళ్ళు ఒకే టోర్నీలో పేరు ఇచ్చుకోవడమూ ఉంది. తోడు ఎవరు వెళ్ళాలన్న బాధ దాంతో తీరిపోతుంది. స్విస్ పద్ధతి కదా... ఏ రౌండులోనో ఇద్దరికీ జత పడినా పడొచ్చు. అప్పుడు మాత్రం నాన్న కావాలని ఓడిపోవడం కుదరదు.